మెనూలో లేని ప్లేటు

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభై నిమిషాలకు, ప్రొద్దుటూరు కొర్రపాడు రోడ్డులోని ఒక శిక్షణ కేంద్రంలో వరహాలరావు ముందు గుత్తివంకాయ ప్లేటు పెట్టారు. మెనూ ప్రకారం ఆయన అప్పటికే సూపు, చేప, కోడి తిన్నాడు. ఇది అదనంగా అడిగిన ప్లేటు. వంకాయలో కూరిన పొడిలో చెనిక్కాయలు, అంటే వేరుశనగ గింజలు, ఉన్నాయి. చెనిక్కాయలు ఆయన ఒంటికి పడవు. పడకపోతే వేసుకోవాల్సిన ఇంజెక్షన్ లాడ్జిలో ఆయన బ్యాగులో ఉంది. కూరలో ఏముందో ఆయనకు తెలియదు. ప్లేటు పెట్టిన జీవితకూ తెలియదు.

క్రూయిజ్ ఓడల్లో భోజనం వడ్డించే పనికి మనుషుల్ని తయారుచేసే కేంద్రం అది. కింద బట్టల దుకాణం, పైన కేంద్రం. నడిపేది ఖలీల్. పన్నెండేళ్లు ఓడల్లో వెయిటరుగా, హెడ్ వెయిటరుగా చేశాడు. మోకాళ్లు పట్టేశాక ప్రొద్దుటూరు తిరిగొచ్చి దీన్ని పెట్టాడు. హాల్లో టేబుళ్లు, తెల్లగుడ్డలు, మూడు రకాల గ్లాసులు ఉంటాయి. పక్కన వంటగది. అక్కడ మాబున్ని వండుతుంది.

ఖలీల్ మొదటి రోజు చెప్పేది ఒకటే పాఠం.

"ఓడలో గెస్టు టికెట్టుతోనే తిండికి కూడా కట్టేసుంటాడు. కోడి తిని, మళ్లా ఒక ప్లేటు చేప తెమ్మంటాడు. ముందర పెట్టే చిన్న ప్లేట్లు మూడు ఒకేసారి అడుగుతాడు. కొందరు తీపితోనే మొదలుపెడతారు. మీరు వాళ్ల మొగం జూడగూడదు. ఇంకోటా సార్ అనగూడదు. తెస్తా సార్. అంతే."

"రెండు ప్లేట్లు కోడి తిన్యాక చేప యాడ పడతాది సార్?" అని అడిగాడు ఫరూఖ్. పులివెందుల కుర్రాడు. వాళ్ల నాన్న కువైట్‌లో డ్రైవరు.

"యాడ పడతాదో వాని కడుపు జూసుకుంటాది. నువ్వు ప్లేటు జూసుకో."

"మా పులివెందుల్లో పెండ్లిలో అట్ల తింటే పేరు పెడతారు సార్."

"ఓడలో కూడా పెడతారు. తినేటోనికి గాదు, నీకు. మార్కులంటారు దాన్ని."

ఇక్కడి పంక్తి భోజనంలో వడ్డించేవాడు అడగడు. వేస్తాడు. తినేవాడు చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందులోంచి ఇంకో గరిటె వేస్తాడు. ఆ అలవాటు మాన్పించడానికి ఖలీల్‌కు వారాలు పట్టింది. గెస్టు అడిగిందే తేవాలి, అడిగినన్నిసార్లూ తేవాలి, అడగనిది తేకూడదు.

జీవితది జమ్మలమడుగు. తండ్రి జ్ఞానప్రకాశం మిషన్ బడిలో పంతులుగా రిటైరయ్యాడు. ఆమె కడపలో ఒక హోటల్ రిసెప్షన్‌లో మూడేళ్లు పనిచేసింది. ఓడ కంపెనీ కొత్తవాళ్లను ముప్ఫై ఏళ్లు నిండకముందే తీసుకుంటుంది. వచ్చే నెలలో జీవితకు ముప్ఫై నిండుతాయి.

ఇది ఆమెకు రెండో పరీక్ష. పోయిన సంవత్సరం కూడా కూర్చుంది. పరీక్ష అంటే కంపెనీ మనిషి వచ్చి గెస్టులా భోంచేస్తాడు. ఒకరు వడ్డిస్తారు, ఒకరు సాయం చేస్తారు, ఖలీల్ హెడ్ వెయిటరుగా గోడ పక్కన నిలబడతాడు. పోయిన సంవత్సరం వచ్చిన మనిషి చేప తింటూ దగ్గడం మొదలుపెట్టాడు. దగ్గు ఆగలేదు. జీవిత కేకేసి ఆయన్ని భుజాలు పట్టి లేపి వీపు మీద కొట్టింది. ఆయన దగ్గు ఆపి, కుర్చీలో కూర్చుని, కాగితం మీద రాసుకున్నాడు. అది నటన. ముందు హెడ్ వెయిటరుకు చెబుతుందా లేదా అని చూడటానికి చేశాడు. ఆమెను ఫెయిల్ చేశారు.

ఆ తర్వాత ఖలీల్ ఒక నియమం పెట్టాడు. "గెస్టు కుర్చీలోంచి లేసేదాకా ఆట ఆపగూడదు. ఏం జరిగినా నాకు చెప్పు. నేనొస్తా. టేబుల్ కాడ తెలుగు మాట్లాడగూడదు."

ఈసారి వచ్చిన వరహాలరావుది విశాఖపట్నం. వయసు యాభై పైన. ఓడల్లోనే పనిచేసి కంపెనీ ఆఫీసుకు మారినవాడు. కూర్చోగానే, తనకు నట్ అలర్జీ ఉందని ఇంగ్లీషులో చెప్పాడు. జీవిత "నోటెడ్ సార్" అని ప్యాడ్ మీద రాసుకుంది. వంటగదిలోకి వెళ్లి మాబున్నికి చెప్పింది.

"అక్కా, ఆయప్పకు నట్స్ పడవంట."

మాబున్ని సూపు మీద చల్లబోయిన జీడిపప్పు పక్కన పెట్టింది. కోడి మీద వేయాల్సిన బాదం పలుకులు డబ్బాలోనే ఉంచింది. మూడు ప్లేట్లూ సవ్యంగా నడిచాయి. గ్లాసు మార్చేటప్పుడు చప్పుడు కాలేదు. ఖలీల్ గోడ పక్కనుంచి కదల్లేదు.

కోడి ప్లేటు తీశాక వరహాలరావు తల తిప్పి వంటగది వైపు చూశాడు. ఆ వాసన ఏమిటని అడిగాడు. అది తమ భోజనమని, వంకాయ కూర అని జీవిత చెప్పింది.

"అది కూడా ఒక ప్లేటు తీసుకురండి. ఎక్స్‌ట్రాగా" అన్నాడాయన ఇంగ్లీషులో.

ఉన్నదాన్ని లేదనకూడదు. జీవిత "సర్టెన్లీ సార్" అని వంటగదిలోకి వెళ్లింది.

"మాబున్నక్కా, గుత్తొంకాయ ఒక ప్లేటు. సారు అడిగినాడు."

"మన కూరనా? ఓడ సారా?" మాబున్ని గరిటె పట్టుకునే, ఖాళీ ప్లేట్లు తెచ్చిన ఫరూఖ్ వైపు చూసి నవ్వింది. "ఏమప్పా ఫరూఖూ, మీ సారు నేర్పిన ఉడకబెట్టిన చేప కన్నా నా వంకాయే మేలంట జూడు."

"నట్స్ లేవు గదా దీంట్లో?" అని అడిగింది జీవిత.

"జీడిపప్పు యాడిది? అవి పెండ్లిండ్లకు. లేవు లే."

"బాదం?"

"నీకు మతి ఉండాదా మే? వంకాయలో బాదమేంది?"

జీవిత ప్లేటులో ఒక వంకాయ పెట్టుకుంది. మాబున్ని ఆపింది. "ఒంటి కాయ పెట్టగూడదు. అడిగి తినేటోనికి ఒకటా?" అని రెండోది పెట్టి, పైన నూనె తేలిన పులుసు వేసింది.

కడప జిల్లాలో వేరుశనగను చెనిక్కాయ అంటారు. చేలో కాస్తుంది. బస్తాల్లో ఇంటికొస్తుంది. బొరుగుల ఉగ్గానిలో, చట్నీలో, కూరపొడిలో పడుతుంది. దాన్ని ఎవరూ నట్స్ అనరు. నట్స్ అంటే జీడిపప్పు, బాదం, పిస్తా. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు డబ్బాల్లో తెచ్చేవి.

ప్లేటు పెట్టాక వరహాలరావు నట్స్ లేవు కదా అని అడిగాడు. లేవని, వంటగదిలో కనుక్కున్నానని జీవిత చెప్పింది. ఆయన ఫోర్కు తీసుకున్నాడు.

మొదటి వంకాయ పూర్తిగా తిన్నాడు. నాలుకతో పెదవులు తడుపుకున్నాడు. నీళ్లు తాగాడు. కాలరు లోపల వేళ్లు పెట్టి మెడ గీరుకున్నాడు. రెండో వంకాయ కోశాడు.

సాయం చేసే వంతు ఫరూఖ్‌ది; గ్లాసుల బల్ల దగ్గర నిలబడి పెదవి కదపకుండా అన్నాడు. "మొదలుపెట్టినాడు జూడక్కా. పోయిన సంవత్సరం దగ్గు. ఈసారి గోకుడు."

జీవిత నీళ్లు పోసింది. వరహాలరావు మళ్లీ తాగాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు. ఆమె నియమం ప్రకారం గోడ దగ్గరికి వెళ్లింది.

"సార్, ఆయప్ప మెడ గీరుకుంటాండాడు. గొంతు కూడా ఏందో అయితాంది."

"లేసినాడా?"

"లేదు."

"అయితే ఆట నడుస్తాంది." ఖలీల్ టేబుల్ వైపు చూడకుండా చెప్పాడు. "అలర్జీ చెప్పినాడు గదా, అందుకే ఆడతాండాడు. నువ్వు మళ్లా కిచెన్‌లో అడిగి రా. అదే చూస్తాండాడు ఆయన. పరిగెత్తొద్దు."

జీవిత నడిచే వెళ్లింది.

"అక్కా, ఈ పొడిలో ఏమేం ఏసినావో వరసగా చెప్పు."

"ఏం, బాగలేదంటనా?"

"చెప్పక్కా."

"నువ్వులు, ధనియాలు, ఎండుకొబ్బరి, మిరపకాయలు, చెనిక్కాయలు, చింతపండు..."

"చెనిక్కాయలా?"

"చెనిక్కాయలు లేకుండా గుత్తొంకాయ యాడ జేస్తారు?"

"నట్స్ లేవంటివి గదా."

"చెనిక్కాయలు నట్సేంది మే? చెనిక్కాయలు చెనిక్కాయలే."

పడని తిండ్ల పట్టిక పాఠంలో ఉంది. పీనట్ అందులో ఉంది. ఆమె దాన్ని బట్టీ పట్టింది. పీనట్ అంటే చెనిక్కాయ అని ఆమెకు తెలుసు. ఎవరైనా అడిగితే చెప్పేది. వంటగదిలో మాత్రం నట్స్ అనే అడిగింది. ఏ నట్స్ అని గెస్టును అడగలేదు.

ఆమె హాల్లోకి వచ్చేసరికి రెండో వంకాయ సగం అయిపోయింది. వరహాలరావు ఇంకో ముక్క ఫోర్కుకు గుచ్చి పట్టుకుని ఉన్నాడు. ఎడమ చేతి వేళ్లు గుడ్డకేసి రుద్దుతున్నాడు. కింది పెదవి ఒక పక్క ఉబ్బి లేచి ఉంది.

దగ్గు నటించవచ్చు. గోకుడు నటించవచ్చు. పెదవి వాపు నటించడానికి వీల్లేదు. కానీ ఆ పెదవి ముందు ఎలా ఉందో జీవితకు తెలియదు. గెస్టు మొహం చూడకుండా ప్లేటు చూడటం నేర్చుకుంది. సూపు పెట్టినప్పుడు చూడలేదు. చేప పెట్టినప్పుడు చూడలేదు. ఆయన పెదవి పుట్టుకతోనే అలా ఉందేమో ఆమెకు తేలలేదు.

ఖలీల్ ఆమె వైపు చూశాడు. నియమం ప్రకారం ముందు అతనికి చెప్పాలి. ఖలీల్ టేబుల్‌కు ఆ చివర గోడ దగ్గర ఉన్నాడు. ఫోర్కు నోటి దగ్గర ఉంది.

జీవిత టేబుల్ దగ్గరికి వెళ్లి ప్లేటు పట్టుకుని లాగింది. ఫోర్కు ఉన్న చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

వరహాలరావు రెండో చేత్తో ప్లేటు అంచు పట్టుకున్నాడు. "నేనింకా తింటున్నాను" అన్నాడు ఇంగ్లీషులో. గొంతు బొంగురుగా వచ్చింది.

"జీవితా" అన్నాడు ఖలీల్.

"తినొద్దు సార్" అంది జీవిత తెలుగులో. "దీంట్లో చెనిక్కాయలుండాయి."

"ఏమిటి?"

"చెనిక్కాయలు సార్."

"ఏ కాయలు?" ఆయన కూడా తెలుగులోకి వచ్చాడు. విశాఖపట్నంలో ఆ మాట లేదు. ఏదో కూరగాయ పేరనుకున్నాడు. ప్లేటు వదిలి, పక్కన పెట్టుకున్న పెన్ను తీసుకున్నాడు. జీవిత ఆ పెన్ను చూసింది.

"చెనిక్కాయలు సార్. ఏంచుకోని తింటారే, చట్నీ జేస్తారే..." ఇంగ్లీషు మాట ఆమె నోటికి రాలేదు. చేత్తో కాయ ఒలిచినట్టు చూపించింది. ఆయన ఆ వేళ్లు చూశాడు. కాగితం మీద ఒక పదం రాశాడు.

గ్లాసుల బల్ల దగ్గరనుంచి ఫరూఖ్ అన్నాడు. "పల్లీలు సార్. పల్లీలు."

పెన్ను ఆగింది. వరహాలరావు లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

"వేరుశనగ?" అన్నాడు.

"అవ్ సార్."

"నేను ఎన్ని..." అని ప్లేటు వైపు చూశాడు. మిగిలిన మాట రాలేదు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఇంజెక్షన్" అన్నాడు. "లాడ్జి."

"ఆట అయిపాయ" అన్నాడు ఖలీల్. "ఫరూఖూ, కారు తియ్యి. లాడ్జికి పోదాం పా."

"ఆస్పత్రికి సార్" అంది జీవిత.

"మందు లాడ్జిలో ఉండాది గదమ్మా."

"రూము తాళం యాడుందో, బ్యాగులో యాడుందో ఎవరికి తెలుసు? ఆయప్పకు మాట రావడంల్యా. ఆస్పత్రి ఈ సందు దాటితే."

ఖలీల్ వరహాలరావు భుజం పట్టుకున్నాడు. "పా" అన్నాడు.

మెట్ల మీద వరహాలరావును ఇద్దరు పట్టుకుని దించారు. ఫరూఖ్ కారు నడిపాడు. వెనక సీట్లో జీవిత ఆయన పక్కన కూర్చుంది. ఆయన ఊపిరి తీసుకుంటే ఈల శబ్దం వచ్చింది. ముందు సీటు వెనకభాగాన్ని రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగాడు. మెడ మీద దద్దుర్లు కనిపించాయి. సందు మలుపులో ఒక ట్రాలీ ఆటో ఇనుప కడ్డీలు దించుతోంది. ఫరూఖ్ హారన్ కొట్టాడు. ఆటో అతను చెయ్యి ఊపాడు, ఆగమని.

"తియ్‌రా అబ్బీ" అన్నాడు ఖలీల్ తల బయటపెట్టి. "మనిషి పోతాండాడు."

ఆటో ముందుకు జరిగింది.

ఈల శబ్దం ఆగింది. జీవిత ఆయన మొహంలోకి చూసింది. పెదవులు రంగు మారాయి. "సార్" అంది. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

అది ఒక ప్రైవేటు ఆసుపత్రి. ఆదివారం డ్యూటీ డాక్టరు, ఇద్దరు నర్సులు ఉన్నారు. స్ట్రెచర్ మీద పడుకోబెడుతూ నర్సు అడిగింది.

"ఏం తినె?"

"చెనిక్కాయలు. ఆయనకు పడవు. కూరలో ఉన్యాయి."

"డాక్టరుగారూ, చెనిక్కాయల అలర్జీ" అని నర్సు లోపలికి కేకేసింది. ఇక్కడ ఆ మాట ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. డాక్టరు ప్యాంటు మీదనుంచే తొడకు ఇంజెక్షన్ ఇచ్చాడు. ఆక్సిజన్ పెట్టారు. తలుపు వేశారు. కాసేపటికి నర్సు బయటికొచ్చి ఇంకో ఇంజెక్షన్ తీసుకుని లోపలికి వెళ్లింది.

వరండాలో బెంచీ ఉంది. ఎవరూ కూర్చోలేదు. జీవిత ఫోను మోగింది. జమ్మలమడుగు నుంచి తండ్రి.

"ఎట్ల జరిగె పాపా పరీచ్చ?"

"ఇంగా అయిపోలా నాయనా. మళ్లా చేస్తా."

తర్వాత మాబున్ని చేసింది.

"ఎట్లుండాడు మే?"

"లోపలుండాడు. తెలీదు."

"ప్లేటు నేను కడగలా. పోలీసోళ్లు వస్తారేమో అని అట్లే పెట్టినా." మాబున్ని గొంతు తగ్గించింది. "నువ్వు చెనిక్కాయలుండాయా అని అడిగుంటే ఉండాయని చెప్తా ఉంటి గదా."

"అడగల్యాక్కా."

"అల్లా చూసుకుంటాడు లే. నువ్వేమన్నా తింటివా?"

"లేదు."

డాక్టరు బయటికి వచ్చి, ఊపిరి ఆడుతోందని, పడిపోయిన బీపీ మళ్లీ పెరిగిందని చెప్పాడు. కొన్ని గంటల తర్వాత అలర్జీ మళ్లీ తిరగబెట్టవచ్చని, రేపటిదాకా ఉంచాలని చెప్పాడు. ఆలస్యం చేసి ఉంటే ఏమయ్యేదని ఖలీల్ అడిగాడు. డాక్టరు తలుపు తోసుకుని మళ్లీ లోపలికి వెళ్లాడు. ఫరూఖ్ అప్పుడు బెంచీ మీద కూర్చున్నాడు.

"నేను గోకుడు అంటి" అన్నాడు.

"నేనూ ఆట అంటి" అన్నాడు ఖలీల్. "ఊరికే ఉండు."

సాయంత్రం వరహాలరావు జీవితను లోపలికి పిలిపించాడు. పెదవి వాపు కొంత తగ్గింది. మాట బొంగురుగానే ఉంది.

"ప్లేటు లాగేటప్పుడు నేను నటించడం లేదని నీకు తెలుసా?"

"తెలీదు సార్."

"పోయిన సంవత్సరం ఇలాగే చేసి ఫెయిలయ్యావు. ఫైలులో ఉంది."

"అవ్ సార్."

"మరి ఎందుకు లాగావు?"

"మీరు నటిస్తాంటే నాకు ఉద్యోగం రాదు. నటించకుంటే మీరు పోతారు. రెండిట్లో ఏదో తెలీల్యా. అందుకని లాగినా."

ఆయన పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. "నేను నట్స్ అన్నాను. ఓడలో అందరం అలాగే అంటాం. ఏవి పడవని వెయిటరు అడగాలి. ఒక్కో పేరూ చెప్పి అడగాలి. అది చూడటానికే అంతవరకు చెప్పి ఆపాను. కొత్త ప్లేటు అడిగినప్పుడు కూడా నువ్వు అడగలేదు."

"అడగలేదు సార్."

"నువ్వు కనుక్కున్నానన్నావు. నేను నమ్మి తిన్నాను. ఓడలో ఒక్కో పూటకు మూడు వేల మంది అలాగే నమ్మి తింటారమ్మా."

"తెలుసు సార్."

"ఏమి తెలుసు?" అన్నాడాయన. నర్సు వచ్చి మాటలు చాలని చెప్పింది.

సోమవారం మధ్యాహ్నం ఆయన్ను డిశ్చార్జి చేశారు. ఫరూఖ్ లాడ్జి నుంచి బ్యాగు తెచ్చి ఇచ్చి, ఎర్రగుంట్ల స్టేషన్‌లో రైలు ఎక్కించాడు.

గురువారం కంపెనీ నుంచి ఖలీల్‌కు మెయిల్ వచ్చింది. ఫరూఖ్ పాసయ్యాడు. జీవిత ఫెయిలైంది. అలర్జీ చెప్పిన గెస్టును ఏవి పడవో విడిగా అడగకపోవడం కారణమని రాశారు. గెస్టు తింటుండగా ప్లేటు తీసినందుకు మార్కులు తగ్గించలేదు. మెయిల్ కింద వరహాలరావు రాసిన ఒక పేరా ఉంది. జీవితకు వయసు నిబంధన సడలించి మూడోసారి పరీక్షకు అనుమతించాలని అందులో కోరాడు.

మెయిల్‌ను ఖలీల్ తరగతిలో చదివి వినిపించాడు. జీవిత శుక్రవారం తరగతికి రాలేదు. శనివారం వచ్చింది. ఆ రోజు మాబున్నితో కూర్చుని కూరపొడుల్లో పడే దినుసులన్నిటికీ ఇంట్లో పిలిచే పేరూ, ఇంగ్లీషు పేరూ ఆమె చేత పలికించి నేర్పింది.

వయసు సడలింపుపై శనివారం సాయంత్రం వరకు కంపెనీ నుంచి జవాబు రాలేదు.